బెల్చెవ్ గారి ఐదు వందల ప్రస్తావనలు

సోఫియా నగరంలో శుభం ఎవరికి జరిగితే వాళ్లే పదిమందికీ నోరు తీపి చేయాలి. కొడుకు పుట్టినా, కొత్త కారు కొన్నా చాక్లెట్ల డబ్బా పట్టుకుని గది గదికీ తిరగవలసిందే. ఆ ఊళ్లో పేరు చెప్పనక్కరలేని ఒక ఔషధ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ ఏడాది పొడవునా తీపే. కారణం విభాగాధిపతి, ప్రొఫెసర్ క్రస్త్యో బెల్చెవ్. ప్రపంచంలో ఎవరు ఏ వ్యాసం రాస్తూ ఆయన వ్యాసాన్ని ప్రస్తావించినా కంప్యూటరులో ఆయన అంకె ఒకటి పెరుగుతుంది. అంకె పెరిగిందంటే డబ్బా తెరుచుకుంటుంది.

"ఐదొందలు దాటింది, రుమ్యానా! ఒకటేమిటి, రెండు తీసుకో."

"శుభాకాంక్షలు సార్" అంది అసోసియేట్ ప్రొఫెసర్ రుమ్యానా తబాకోవా, నోట్లో చాక్లెట్టుతోనే.

"శుక్రవారం నా సన్మానంలో ప్రశంస చదివేది నువ్వే. నీ ప్రొఫెసరు పదవి ఫైలు నా బల్ల మీదే ఉంది, గుర్తుందిగా?"

గుర్తు లేకేం! ఆ ఫైలు కోసమే ఆమె ఇన్నేళ్లూ ఆయన ప్రతి జోకుకీ నవ్వింది.

పాఠకులారా, ఆ ఐదు వందలు ఎలా పోగయ్యాయో వినండి. విభాగంలో ఎవరు ఏ వ్యాసం రాసినా ముందు బెల్చెవ్ గారి చేతిలో పెట్టాలి. ఆ మహానుభావుడు దాన్ని వెనకనుంచి తిరగేస్తాడు. చివరి పేజీలో ఏ ఏ వ్యాసాలను ప్రస్తావించారో ఉంటుంది కదా, అక్కడ తన పేరు కనిపిస్తే "భేష్" అని సంతకం. కనిపించకపోతే "ఇంకా లోతు రావాలి" అని వాపసు. ప్రయోగంలో ఎలుక బతికిందా చచ్చిందా అన్న సంగతి ఆయనకు పట్టదు. అందరూ కూరలో ఉప్పు వేసినంత మామూలుగా ఆయన పేరు వేసేవారు, రుమ్యానాతో సహా. ఛీ, దీనికి పరిశోధన అని పేరు!

ఆయనకు పేరూ, ఆ ఐదు వందలూ తెచ్చిన వ్యాసం ఒక్కటే. మోకాళ్ల నొప్పులకు వాడే ఒక కొండమూలిక సారం, రక్తం పలచబడటానికి వాడే మాత్రలతో కలిపి మింగినా ఏ హానీ చేయదని అందులో తేల్చారు. మందుల కంపెనీవాళ్లు ఆ సారాన్ని గొట్టం మాత్రల్లో నింపి, డబ్బా మీద "వందలాదిమంది శాస్త్రవేత్తలు ప్రస్తావించినది" అని అచ్చువేసి అమ్ముకుంటున్నారు.

ఆ సాయంత్రమే రుమ్యానాకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్క స్తోయ్నా ముక్కులోంచి రక్తం కారడం ఆగలేదట. గుండెకు కృత్రిమ కవాటం పెట్టినప్పటి నుంచీ ఆమె రక్తం పలచబడే మాత్రలు మింగుతోంది. రుమ్యానా వెళ్లేసరికి అక్క ముక్కు నిండా దూది, చేతుల మీద నల్లటి మచ్చలతో మంచం మీద ఉంది.

"కొత్తగా ఏమైనా మింగారా అని డాక్టరు అడిగాడే. నువ్విచ్చిన మోకాళ్ల మందేనని చెప్పాను."

"దానివల్ల ఏమీ కాదక్కా. ఐదొందల మంది ఆ వ్యాసం గురించి రాశారు."

"ఏమని రాశారు?"

"ఏమనంటే..."

"మంచిదని రాశారా, చెడ్డదని రాశారా? నేను ఉల్లిపాయలు కొన్నా వాసన చూసి కొంటానే తల్లీ! నువ్వు చదవకుండానే నా నోట్లో వేశావా?"

రుమ్యానాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు గది తలుపు వేసుకుని, ఆ వ్యాసం గురించి బయటి దేశాలవాళ్లు రాసినవన్నీ చదవడానికి కూర్చుంది. పోలండువాళ్లు రాశారు: "హాని లేదని బెల్చెవ్ అన్నారు. మా దగ్గర ఎలుకలకు రక్తస్రావం ఆగలేదు." పోర్చుగల్‌వాళ్లు రాశారు: "బెల్చెవ్ ఫలితాన్ని నమ్మి ఎవరూ రోగులకు ఇవ్వవద్దు." పొగిడినవాళ్లంతా ఆయన కింద పనిచేసేవాళ్లు, ఆయన స్నేహితులు. ప్రయోగం మళ్లీ చేసి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఆయన గదికి పరుగెత్తింది.

"తెలుసు" అన్నాడు బెల్చెవ్, చాక్లెట్టు కాగితం విప్పుతూ. "అయితే ఏమిటట?"

"తెలుసా! మిమ్మల్ని తప్పంటున్నారు సార్!"

"అననీ. తప్పనడానికైనా నా పేరు రాయాల్సిందేగా? తిట్టినా ఒకటే, పొగిడినా ఒకటే. కంప్యూటరు రెంటినీ కలిపే లెక్కేస్తుంది. పిచ్చిపిల్లా, తిట్లు లేకపోతే నా అంకె ఇంత పెరిగేదా?"

"మా అక్క ఆసుపత్రిలో ఉంది సార్. ఆ మందు మింగే."

"అయ్యో పాపం! త్వరగా కోలుకోవాలి. ప్రశంస మాత్రం బాగా రాయి. ఫైలు సంగతి మరిచిపోకు."

ఆమెకు కడుపు మండిపోయింది. ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ మండింది.

శుక్రవారం సభ కిటకిటలాడింది. మెడకు టై, ముఖానికి నవ్వు బిగించుకుని బెల్చెవ్ ముందు వరుసలో కూర్చున్నాడు. రుమ్యానా మైకు ముందుకు వచ్చింది.

"మా ప్రొఫెసర్ గారిని ఐదు వందల మందికి పైగా ప్రస్తావించారు. వాళ్ల మాటలే చదువుతాను. పోలండు నుంచి: మా దగ్గర ఎలుకలకు రక్తస్రావం ఆగలేదు."

చప్పట్లు మారుమోగాయి! దేశం పేరు వినపడగానే కొట్టేశారు ఆ పండితులు. మాట చెవికెక్కితేగా!

"పోర్చుగల్ నుంచి: ఎవరూ రోగులకు ఇవ్వవద్దు."

ఈసారి రెండు చేతులు కలిసి, మధ్యలోనే ఆగిపోయాయి. బెల్చెవ్ ముఖం మాడిపోయింది.

"ఏం వాగుతున్నావు? దిగు కిందికి!"

"దిగుతాను సార్. చదవకుండా మీ పేరు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. చదవకుండానే మా అక్కకు ఆ మందు ఇచ్చాను. ఆమె బతికింది. అందరి అక్కలూ బతుకుతారని నేను హామీ ఇవ్వలేను."

ఎవరో మైకు ఆపేశారు. సోమవారానికల్లా ఆమె ఫైలు "ఇంకా లోతు రావాలి" అన్న మాటతో తిరిగి వచ్చింది. సన్మానంలో బెల్చెవ్ గారికి ఇచ్చిన పతకాన్ని మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. అడుగుతారని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం.

ఆ సాయంత్రం రుమ్యానా చాక్లెట్ల డబ్బాతో ఆసుపత్రికి వెళ్లి, వార్డులో అందరికీ పంచింది. స్తోయ్నా మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"పదవి వచ్చిందటే?"

"పోయిందక్కా."

"మరి ఈ తీపి దేనికి?"

"మన వీధి మందుల షాపావిడ నేనిచ్చిన కాగితాలు కూర్చుని చివరిదాకా చదివింది. చదివి, ఆ మందు డబ్బాలన్నీ అరలోంచి తీసేసింది."

స్తోయ్నా చెయ్యి చాపింది. "అయితే నాకు రెండు ఇవ్వు" అంది.

పాఠకులారా, ఇంతమంది ప్రస్తావించారని ఎవరైనా మీ ముందు గొప్పగా అంకె చెబితే, ఏమని ప్రస్తావించారో కూడా అడగండి. మనం అడగని ఆ ఒక్క ప్రశ్నకు రక్తం కారేది మన ఇంట్లోవాళ్లకే.