నీళ్లు పొయ్యని అతుకు

గిద్దలూరులో మా నాయన మోషే దుకాణంలో ప్రతి అతుకుకీ బాప్టిస్మం ఉండేది. వెల్డింగు పెట్టగానే ఎర్రటి ఇనుము మీద చెంబెడు నీళ్లు! సుయ్యిమని ఆవిరి లేస్తే రైతులకు మహా సంబరం. వెంటనే పట్టుకుపోవచ్చు కదా.

నేను ఐటీఐలో వెల్డింగు నేర్చుకొచ్చి ఆర్నెల్లయినా నాయన నాకు చీపురు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఒళ్లు మండిపోయేది.

వాన పడిన మర్నాడు చెన్నకేశవులు మామ ట్రాక్టరుతో దున్నే కల్టివేటరు ఇనప కాలొకటి తెచ్చి పడేశాడు. విరగడం మూడోసారి, అదీ అతుకు పక్కనే.

"ఏంది మోషే, అతుకు పెట్టినావా, అప్పడం చేసినావా?"

నేను పకపకా నవ్వేశాను. "ఇది గట్టి ఉక్కు మామా. కాలేటప్పుడు నీళ్లు పోస్తే పెళుసైపోతాది. ముందు కాచాల, అతికినాక నిదానంగా ఆరనియ్యాల."

నాయనకు చుర్రుమంది. "అట్లనా? అయితే నువ్వే పెట్టు కృపా. నిలిస్తే రేపట్నించి పని నీది. విరిగిందా, బ్యాంకు పరీక్షలకు చదువుకో. మళ్ల వెల్డింగు మాటెత్తొద్దు."

వెల్డింగు రాడ్లు చెమ్మగా ఉంటే అమ్మ దోసెల పెనం మీద కాచాను. అమ్మ తిట్లు బజారంతా వినిపించాయి. కాలును బాగా వేడి చేసి, అతికి, పక్క హోటలు పొయ్యిలోని వేడి బూడిద గంపెడు తెచ్చి అందులో పూడ్చేశాను.

"ఎంతసేపు?" అన్నాడు మామ.

"రెండు గంటలు."

"నేల పదును ఆరిపోతాంది అమ్మీ!"

మామ ఓసారి, నాయన రెండుసార్లు నీళ్ల చెంబుతో వచ్చారు. ముగ్గురం బూడిద గంప చుట్టూ పరుగులే పరుగులు!

పొలంలో నాలుగో సాలుకే రాయి తగిలింది. ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. "ఓర్నాయనో!" అని మామ కేక. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిగి చూస్తే కాలు కాస్త వంగింది, అతుకు చెక్కుచెదరలేదు. బురదలోనే గంతులేశాను. మామ తలగుడ్డ గిరగిరా తిప్పాడు. నాయన మాత్రం అతుకును బొటనవేలితో తడిమి తడిమి చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఐదుగురు రైతులు విరిగిన కల్టివేటరు కాళ్లతో దిగి, మోషే ఏడని అడిగారు. నాయన అప్పుడే రాడ్లను పెనం మీద పేరుస్తున్నాడు.

"నన్నడగొద్దయ్యా, మా కృపను అడగండి. ఇరవై ఏండ్లు పని చేసినా గానీ, నేనిప్పుడే నేర్చుకుంటాండా."