దక్షిణం మొగం రొట్టెల బండి

మాదాపూర్‌లో అద్దాల మేడ లేస్తున్న రోజుల్లో కనకలక్ష్మి జొన్నరొట్టెల బండి తూర్పు గేటు ముందర ఉండేది. మేడ కట్టిన చేతులన్నీ ఆమె రొట్టె, పచ్చిపులుసు తిన్నవే. మేడ పూర్తయింది, కూలీలు మూటలు సర్దుకున్నారు. సోమవారం నుంచి కంప్యూటరోళ్లు వస్తారట. వాళ్లు తినకపోతే బండి మూసుకోవడమే, ఇంటికి ఇంకో ఆధారం లేదు.

"అత్తమ్మా, బండిని మేడ వెనక మూలకు మారుద్దాం. అది స్ట్రాటజిక్ జాగ" అన్నది కోడలు రోహిణి.

ఆ మాట కనకలక్ష్మి విన్నదే. ప్లాట్లమ్మే చలపతిరావు రాళ్లగుట్టను చూపించినా, ముళ్లకంపను చూపించినా "స్ట్రాటజిక్ ప్లాటండి" అనేవాడు. ప్లాటుకు పెట్టే బొట్టేమో అనుకునేది ఆమె.

"అంటే ఏంది పిల్లా?"

"మనం ఉరకకుండ, కావల్సింది మన కాడికే వచ్చే జాగ."

"తూము కాడ కొంగ లెక్కనా?"

"గట్లనే. చలపతిరావు సారు అన్నిటికీ అదే మాట అంటడు. ఎవరికి అక్కరకొస్తదో, దేనికొస్తదో చెప్పడు. అది చెప్పకుంటే ఉత్త మాటనే."

అంతా బాగానే ఉంది గానీ, ఆ మూలలో పొయ్యి దగ్గర కూర్చుంటే మొగం దక్షిణానికి తిరుగుతుంది. మిగతా బండ్లన్నీ వాస్తు చూసుకుని తూర్పు గేటు దగ్గరే ఒరుసుకుంటున్నాయి.

"యముని దిక్కు మొగం పెట్టి అన్నం అమ్ముతరా?"

"తూర్పున కార్లల్ల పెద్దసార్లు పోతరు. కారాపి రొట్టె కొంటరా? డ్రైవర్లను అడిగొచ్చిన, కంపెనీ బస్సులు ఆ మూల ముందర, దక్షిణం దిక్కే ఆగుతయి. కిరాయి రూముల పిల్లలు, పొద్దుగాల ఖాళీ కడుపుతోని దిగుతరు."

"నీ ఇష్టం. పొయ్యి మాత్రం నేను ముట్టియ్య."

సోమవారం రోహిణే ముట్టించింది. కనకలక్ష్మి దూరంగా బండరాయి మీద కూర్చున్నది. మొదటి బస్సు వాళ్లు బండి వైపు చూడకుండానే పోయారు. రెండో బస్సులోంచి ఒక పిల్ల దిగి ఆగింది.

"జొన్నరొట్టేనా? కర్నూలు వదిలినాక మళ్లీ చూడలేదు" అని ఇంకో నలుగురిని కేకేసింది. మూడో బస్సుకు బండి చుట్టూ సందు లేదు. రోహిణికి ఊపిరాడటం లేదు.

కనకలక్ష్మి లేచి కొంగు బిగించింది.

"జరుగు. గట్ల కొడితే రొట్టె మందమైతది" అంటూ దక్షిణానికే తిరిగి కూర్చున్నది.

"మీ అమ్మాయా?" అడిగింది కర్నూలు పిల్ల.

"కోడలు" అన్నది కనకలక్ష్మి, రొట్టె తిరగేస్తూ. "రేపు కూర ఏం కావాల్నో ఆమెకే చెప్పు బిడ్డా. ఈ బండి ఆమె మాట మీదనే నడుస్తది."