చప్పట్లు లేని పని

గేటు గడియ ఊడిపోయి ఎన్నాళ్లయిందో సాలమ్మకు గుర్తులేదు. రోజూలాగే పాత చీర పేలికను కమ్మీకి చుట్టి, పిల్లల చేతులకు అందకుండా పైన ముడి బిగించింది. గేటు అవతలే నాచారం ఫ్యాక్టరీల లారీలు. ఇవతల, ఆ ఫ్యాక్టరీల్లో పనికి పోయిన తల్లుల పిల్లలు. లోపల కుర్చీలు గుండ్రంగా వేస్తున్నారు.

అనంతలక్ష్మి మేడమ్ ఈ శిశు సంరక్షణ కేంద్రాన్ని నడిపినన్నాళ్లూ కుర్చీలే లేవు. మధ్యాహ్నం చెప్పులు విడిచి సాలమ్మలాంటి ఆయాలతో పాటు చాప మీద కూర్చుని, "సాలమ్మా, నీ పచ్చిపులుసు ఇటియ్యి" అనేది. ఆమె తర్వాత వచ్చిన విజయభాస్కర్ సార్, సిబ్బందిలో హుషారు పెంచాలని కొత్త పద్ధతి పెట్టాడు. రోజూ పొద్దున అందరూ గుండ్రంగా కూర్చుని, నిన్న సాధించింది ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. సాలమ్మకు ఇంతవరకూ చప్పట్లు పడలేదు. పడనివాళ్లను తీసేస్తారని అందరూ గుసగుసలాడుతున్నారు. యాభై దాటి, మోకాళ్లు పట్టేసినదాన్ని మళ్లీ ఎవరు పెట్టుకుంటారు?

ఉప్పల్‌లో బస్సెక్కినప్పటి నుంచీ ఒక మాట కూర్చుకుంటూనే వచ్చింది. దీప టీచర్ లేచి, పిల్లలకు రంగులు నేర్పానంది. చప్పట్లు. తర్వాత సాలమ్మ లేచింది. కొంగు వేళ్లకు చుట్టుకుంది. కూర్చుకున్న మాట గుర్తుకు రాలేదు.

"భయమెందుకు సాలమ్మగారూ? చెప్పండి, నిన్న ఏం సాధించారు?"

"నిన్న... ఏ పోరనికీ ఏం గాలె సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ కూడా నవ్వాడు. "ఏమీ జరక్కపోవడం కూడా ఒక పనేనా అండీ?"

దీప చేతులు ఒళ్లోంచి లేచి, సార్ ముఖం చూసి, మళ్లీ ఒళ్లోకి దిగిపోయాయి.

ఆ రోజూ సాలమ్మ ముక్కులు తుడిచింది. గుక్కపట్టిన గీతికను భుజాన వేసుకుని పడుకునేదాకా తిప్పింది. సాయంత్రం సార్ పిలిచి, రేపటి నుంచి రావద్దని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

తల్లులొచ్చి పిల్లల్ని తీసుకెళ్లాక, దీప తన కూతుర్ని చంకనేసుకుని గేటు దాకా వచ్చింది.

"చప్పట్లు కొడదామనుకున్న అక్కా. భయమైంది."

"చప్పట్లకు మోకాళ్ల నొప్పులు పోతయా బిడ్డా? ఊకో. గేటు మాత్రం జర సూడు. రోజూ గట్టాలె."

"సూస్త."

అన్నది గానీ, దీప పెదవులు అప్పటికే రేపు చెప్పాల్సిన మాటను వల్లె వేస్తున్నాయి.

సాలమ్మ వెళ్లిపోయింది. లారీ పోయినప్పుడల్లా గేటు కాస్త తెరుచుకుని మళ్లీ మూసుకుంటోంది. తల్లుల కోసం ముడి విప్పినా మడతలు పోని ఆ పేలిక కమ్మీకి వేలాడుతోంది.