ఫ్రేములో పట్టని బొమ్మలు

ఆ రోజు పొద్దున్నుంచి మా కోడలు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. గోడకేసి చూస్తుంది, వంటగదిలోకి వెళుతుంది, ఎందుకు వెళ్లిందో మరిచిపోయి మళ్లీ గోడ దగ్గరికే వస్తుంది. తను గీసిన మూడు బొమ్మలను మందపాటి కాగితం మీద అచ్చు వేయించింది. వాటిని చూడటానికి సాయంత్రం ఒక కాఫీ దుకాణం యజమానురాలు మా ఇంటికి వస్తోంది. నచ్చితే దుకాణం గోడలన్నిటికీ కోడలి బొమ్మలే పెట్టుకుంటుందట.

"ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఆవిడ చూడకముందే ఫ్రేములెందుకే?" అంది మా ఆవిడ.

"ఉత్త కాగితాలు చూపిస్తే పిల్లలాట అనుకుంటుంది అత్తయ్యా."

ఫ్రేము రంగు తేలేసరికే మా ప్రాణాలు తోకకొచ్చాయి. ఫ్రేముల దుకాణంవాడు రంగుకొక మూల ముక్క ఇచ్చి పంపాడు. కోడలు నల్లది ఆనించి, బొమ్మ దిగులు పడుతోందంది. బంగారు రంగుది ఆనించి, నగలు అరువు తెచ్చుకున్నట్టుందంది. చివరికి తేనె రంగు చెక్క దగ్గర ఆగింది. అప్పుడే చెప్పాను, మా ఊళ్లో ఒకాయన తన గేదె ఫొటోకు ఎంత ఘనమైన ఫ్రేము కట్టించాడంటే, దొంగలు గేదెను వదిలేసి ఫ్రేము ఎత్తుకుపోయారని, ఆ అవమానానికి గేదె పాలు మానేసిందని.

"పోయినసారి ఆ గేదె పాలు మానలేదు మామయ్యా, ఊరే వదిలిపోయింది," అంది కోడలు.

నవ్వుకుని, కొలతల పని నాకే అప్పజెప్పింది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఇళ్లకు రంగులు వేసినవాణ్ణి. రంగు పడిన మేరకే మా కొలత, పడని చోటు లెక్కలోకి రాదు. బొమ్మలను కూడా అలాగే, రంగు మొదలైన చోటు నుంచి ఆగిన చోటు దాకా కొలిచి ఇచ్చాను.

మధ్యాహ్నం మా అబ్బాయి ఫ్రేములు తెచ్చాడు. బొమ్మ పెట్టబోతే చుట్టూ తెల్ల అంచు బయటికి పొడుచుకొచ్చింది.

"నాన్నా, అంచు కొలవలేదా?"

"అంచుకు రంగేదిరా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"దానికింత గొడవెందుకు, కత్తిరించి పారేయండి," అని మా ఆవిడ కత్తెర తెచ్చింది. కోడలు కత్తెర ఆనించి ఆగిపోయింది. బొమ్మ కింద, ఆ తెల్ల అంచు మీదే, పెన్సిలుతో తన పేరు ముందే రాసుకుని ఉంది.

"పేరెవరు చూస్తారు? ఆవిడొచ్చే వేళయింది," అన్నాడు అబ్బాయి.

ఆమె కత్తెర కింద పెట్టింది, తీసింది, కిటికీ దాకా వెళ్లి వచ్చింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"పోనీ పైన రంగు మీద రాయమ్మా."

"ఆకాశం మీద పేరు రాసుకుంటారా మామయ్యా?" అంది. "ఆఫీసులో నేను రాసే ప్రతి ఉత్తరం కిందా ఇంకొకరి సంతకమే. దీని కిందా నా పేరు లేకపోతే నాకెందుకిదంతా?"

మా అబ్బాయి గోడకు మేకులు కొట్టి తాడు కట్టాడు. మా ఆవిడ బట్టల క్లిప్పులు అందించింది. మూడో బొమ్మ తగిలిస్తుండగానే తలుపు చప్పుడైంది.

యజమానురాలు ఆరేసిన బట్టల్లా వేలాడుతున్న బొమ్మలను చూసింది. గోడ వారన ఖాళీ ఫ్రేములనూ చూసింది.

"ఫ్రేములు ఖాళీగా ఉన్నాయేం?"

"అదో పెద్ద కథమ్మా..." అని నేను మొదలుపెట్టాను.

"కొలత తప్పింది," అంది కోడలు. "అంచుతో సహా పట్టేవి చేయిస్తాను. అంచు మాత్రం తీయను."

ఆవిడ వంగి పేరు చదివింది. కోడలి వేళ్లు చీర కొంగును నలిపేస్తున్నాయి.

"ఈ పడవ బొమ్మ తీసుకుంటాను," అంది చివరికి. "మిగతా గోడల సంగతి, ఇది అక్కడ వేలాడాక చూద్దాం."

ఔననీ కాదు, కాదనీ కాదు. ఆవిడ గుమ్మం దాటిందో లేదో కోడలు టేపు తీసి పడవ బొమ్మను కొలవడం మొదలుపెట్టింది, ఈసారి కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా. కొలిచింది, నమ్మకం చాలక మళ్లీ కొలిచింది.

"మామయ్యా, ఆ చివర పట్టుకోండి. ఏమీ మాట్లాడకండి."

పట్టుకున్నాను. నోరు మూసుకుని టేపు చివర పట్టుకోవడం ఎంత కష్టమైన పనో నాకు అప్పుడే తెలిసింది.