నన్ను కూడా అరువిచ్చారు

నేను ఒక ఈ-రీడర్ని. పేరు విని కంగారు పడకండి, చేతిలో పట్టే నల్లటి పలకను, అంతే. నా కడుపులో వెయ్యి పుస్తకాలు పడతాయి. అంత చదువున్నా నాకు గర్వం లేదు, వాటిలో ఒక్కటీ నేను చదవలేదు కనుక.

ఏ దేశపు ఫ్యాక్టరీలోనో తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. వాళ్ళలో ఎవరూ పుస్తకం ముట్టుకోగా నేను చూడలేదు, తీరిక ఉంటేగా! అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ప్రణీత్ అనే కుర్రాడి చేతికొచ్చాను. ఈ ఏడాది బోలెడు చదివేస్తానని జనవరి మొదట్లో నన్ను కొన్నాడు. కనిపించిన తెలుగు నవలనల్లా నాలోకి ఎక్కించాడు. ఎక్కించడమే చదవడం అనుకున్నాడో ఏమో, ఉగాది నాటికి నన్ను టీ గ్లాసు మీద మూతగా వాడుకుంటున్నాడు. కొన్న రోజు ఉండే ప్రేమ మనుషులకు ఆ తర్వాత ఉండదు.

నా అసలు కథ రాజమండ్రిలో మొదలైంది. ప్రణీత్ పెద్దమ్మ పంకజాక్షి గారు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడకు పుస్తకాల పిచ్చి. హాల్లో, పడగ్గదిలో, ఆఖరికి వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన కూడా పుస్తకాలేనట. ఆ పాత కాగితాల దుమ్ముకు ఆవిడకు ఆయాసం పట్టుకుంది. "పుస్తకాలో, ఊపిరో తేల్చుకోండమ్మా" అన్నాడు డాక్టరు. తేల్చుకోవడానికి ఆవిడకు చాలా కాలమే పట్టింది. చివరికి పుస్తకాలన్నీ ఆటోలెక్కి గ్రంథాలయానికి వెళ్ళిపోయాయి. ప్రణీత్ నన్ను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"వాసనేం లేదేంట్రా?"

"అదే కదా పెద్దమ్మా మనకి కావాల్సింది!"

నన్ను మెచ్చుకోలేదని అనను. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని తెలిసిన రోజు చంటిపిల్లలా మురిసిపోయారు. ఆయాసం తగ్గింది. పడుకుని ఒంటిచేత్తో చదువుకునేవారు. కానీ మధ్యమధ్యలో నా అంచు తడిమేవారు. కథ ఇంకా ఎంత మిగిలిందో వేళ్ళకు తెలియాలి పాపం. నేనా, మొదటి పేజీ దగ్గరా చివరి పేజీ దగ్గరా ఒకటే లావు. "ఎక్కడున్నానో తెలిసి చావదు" అని విసుక్కునేవారు.

అసలు లోటు అది కాదు. వెనక వీధిలో మంగతాయారు గారని ఉన్నారు. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి, చదివిన పుస్తకం ఇచ్చేసి ఇంకోటి పట్టుకెళ్ళేవారు. ఇచ్చి పుచ్చుకోవడం నిమిషం పని, ఆ పుస్తకం మీద దెబ్బలాట మాత్రం దీపాలు పెట్టేదాకా సాగేది. పుస్తకాలు పోయాక ఆవిడ రావడం మానేశారు. కోపమేం లేదు. వంక లేకుండా ఒకరింటికి వెళ్ళడం ఆవిడకు చేతకాదు. ఊరికే రమ్మని పిలవడం పంకజాక్షి గారికి చేతకాదు. మంగతాయారు గారికి పుస్తకం కావాలంటే గ్రంథాలయం ఉంది. పంకజాక్షి గారికి మంగతాయారు గారు కావాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

ఒక మధ్యాహ్నం ఆవిడ నాలో ఉన్న ఒక లావుపాటి నవల పూర్తి చేశారు. చేసి, వీధి గుమ్మం వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "వెయ్యి పుస్తకాలున్నాయిట. ఒక్కటి అరువివ్వడానికి లేదు" అన్నారు. కళ్ళు తుడుచుకుని, నన్ను చేతిసంచిలో పడేసుకుని, చెప్పులేసుకుని వెనక వీధికి నడిచారు.

"వదినగారూ, ఇదిగో, పుచ్చుకోండి. శుక్రవారం ఇచ్చేద్దురుగాని."

"అయ్యబాబోయ్, కరెంటు వస్తువు! నా చేతిలో పాడైతేనో? అయినా మీరేం చదువుకుంటారండీ?"

"నా సంగతి మీకెందుకండీ? నవల మొదటి పేజీకి తెచ్చి ఉంచాను. చదివేసి రండి, మీతో చాలా పనుంది."

చూశారా మనుషుల తెలివి! ఒక్క నవల కోసం ఇంటెడు పుస్తకాలనీ అరువిచ్చేశారు. శుక్రవారం దాకా ఆవిడ ఈ ఏటి పంచాంగం చదువుకున్నారని తర్వాత విన్నాను.

మంగతాయారు గారు నన్ను పీట మీద పెట్టుకుని, అలవాటు కొద్దీ వేలు నాలుకకు అద్దుకుని నా మీద రాసేవారు. ఆ తడికి నాకు మతిపోయేది. ఒక పేజీ తిప్పమంటే పదీ ఇరవై దాటేసేదాన్ని. కాగితం పుస్తకమైతే ఒకేసారి బోలెడు తిరిగాయని వేలికి తెలిసేది. నేను చెబుదామంటే నాకు నోరు లేదు. కథ భలే పరుగెడుతోందని ఆవిడ సంబరపడ్డారు.

శుక్రవారం వచ్చింది. ఇద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు.

"ఎంత బాగుందండీ! చకచకా అయిపోయింది" అన్నారు మంగతాయారు గారు.

"చకచకానా? పెద్దకోడలు పోయినప్పుడు నాకు రెండు పూటలా అన్నం సయించలేదు. మీకేం అనిపించలేదూ?"

మంగతాయారు గారి గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"పోయిందా? ఎప్పుడండీ? చివర్లో కనబడకపోతే పుట్టింటికెళ్ళిందనుకున్నాను!"

పంకజాక్షి గారు నవ్వారు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. అంత నవ్వినా ఆయాసం రాలేదు. మంగతాయారు గారు మొదట మూతి ముడిచి, తర్వాత తనూ నవ్వేశారు. ఆఖరికి తేలిందేమిటంటే, మొదటి పేజీ నుంచి పంకజాక్షి గారు పైకి చదవాలి, ఆవిడ వినాలి. నా మీద చెయ్యి వేయకూడదు.

అప్పట్నుంచి సాయంత్రం అయిందంటే ఇదే పని. ప్రతి పేజీకీ ఒక దెబ్బలాట. అలా అలా పెద్దకోడలు మంచాన పడిన చోటికి వచ్చాం. ఒక్క పేజీ తిప్పితే ఆవిడ ప్రాణం పోతుంది. పంకజాక్షి గారు వేలు ఎత్తి, దించేశారు.

"ఇవాళ్టికి ఆవిణ్ణి బతకనిద్దాం వదినగారూ. రేపు రండి."

'రేపు రండి' అన్న మాట ఆవిడ నోట మొదటిసారి విన్నాను. మంగతాయారు గారు చెప్పులేసుకుంటూ "వస్తాలెండి" అన్నారు.

మర్నాడు వచ్చారు. కథ మర్చిపోయానని, కాస్త వెనక నుంచి చదవమన్నారు. ఆ మర్నాడూ అదే మాట. వానాకాలం వెళ్ళిపోయింది. పెద్దకోడలు ఇంకా బతికే ఉంది.