మెట్ట పేరు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు మాణిక్యాంబ పెరట్లోకి వెళ్లి కూరకి కావలసిన ఆకు పిలుచుకునేది. "పొన్నగంటీ" అనేది. నూతి పక్క గడ్డిలో ఎక్కడో ఓ కొమ్మ తలెత్తేది. "గలిజేరూ" అంటే పాక వెనకాల ఇంకోటి కదిలేది. వెతుక్కునే పని లేదు, పలికిన చోటికి వెళ్లి కోసుకోవడమే. పట్టిసీమ రేవుకి దిగువన, ఏటిగట్టు వెంబడి ఊళ్లన్నిటిలోనూ ఆడవాళ్లు అలాగే పిలుచుకునేవారు. పేరు తప్పితే మొక్క పలకదు. సరిగ్గా పిలిస్తే, ఆవు చెవి ఆడించినట్టు ఓ ఆకు ఆడిస్తుంది.

ఆమె కోడలు నాగదుర్గ పిలిస్తే మాత్రం ఏదీ పలికేది కాదు. నాగదుర్గది జంగారెడ్డిగూడెం అవతల మెట్ట ఊరు. కాపురానికొచ్చిన కొత్తలో గలిజేరుని వాళ్లవైపు పేరుతో అటికమామిడీ అని పిలిచింది. ఆకు కదల్లేదు. అత్తగారు చెప్పిన పేరుతో పిలిచినా, మాటలో మెట్ట యాస ఉండిపోయి, తమని కాదనుకుని మొక్కలు ఊరుకునేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వారు. మాణిక్యాంబ నవ్వలేదు గానీ, నీకెందుకులే అమ్మాయ్, ఆకు నేను తెస్తాలే అంది. ఆ మాట నాగదుర్గకి నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. అప్పట్నుంచీ పెరట్లో నోరు విప్పడం మానేసింది. యాసని కూడా కొద్దికొద్దిగా అరగదీసుకుంది. ఏళ్లు గడిచేసరికి, ఆవిడ మాట్లాడితే ఏ ఊరిదో చెప్పడం ఎవరి తరమూ కాకుండా పోయింది.

కూతురు హారతి ఏడో తరగతికొచ్చిన ఏడు, బడి తెరిచీ తెరవగానే సైన్స్ మాస్టారు ఉదయ్‌కుమార్ గారు పిల్లలకి ప్రాజెక్టు ఇచ్చారు. చుట్టుపక్కల వాటంతటవే మొలిచే మొక్కల్ని తెచ్చి, పేపర్ల మధ్య ఆరబెట్టి, చార్టు మీద అంటించి, పేరూ, ఆకు ఆకారం, పువ్వు రంగూ, వాసనా రాయాలి. హారతి ఏ పని పట్టుకున్నా వదిలే పిల్ల కాదు. నాయనమ్మ కొంగు పట్టుకుని గట్టంతా తిరిగింది. ఆదివారం నాన్న గణేష్‌బాబు మెట్టకి అమ్మమ్మగారింటికి తీసుకెళ్తే, అక్కడ జీడితోటలో కూడా కూర్చుని పుల్లతో తవ్వి, దొరికినవి ఇంటికి తెచ్చుకుంది. చార్టులో మాస్టారు చెప్పిన గడులు సరిపోలేదనిపించి, తనే ఇంకో గడి గీసుకుంది. దానికి 'రుచి' అని పేరు పెట్టింది.

ఆ గడిని ఎవరూ చూడలేదు. గణేష్‌బాబు విత్తనాల కోసం తణుకు వెళ్లిన రోజు, మధ్యాహ్నం, హారతి వంటింట్లోకొచ్చి నోరు మండుతోందని మంచినీళ్లడిగింది. మిరపకాయ కొరికిందేమోనని నాగదుర్గ బెల్లంముక్క చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని నోటిదాకా తీసుకెళ్లలేకపోయింది. పెదాలు మొద్దుబారాయంది. నుదుటి మీద చెమట, అరచేతులు చల్లగా ఉన్నాయి. నాగదుర్గ వసారాలోకి పరిగెత్తి చార్టు చూసింది. ప్రతి మొక్క పక్కనా గుండ్రటి అక్షరాలు: చేదు, వగరు, పులుపు, చప్ప.

ఊళ్లో చిన్న వైద్యం చేసే వీరబ్రహ్మం గారు పిల్ల నాడి పట్టుకుని మొహం మార్చుకున్నారు. తన దగ్గర ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు, రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. దారంతా పిలుస్తూనే ఉండమని కూడా చెప్పారు. గొడ్డు ఏదైనా పాడు ఆకు మేస్తే, పేరుపెట్టి పిలిచి కక్కించడం ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. కడుపులో ఉన్నదైనా తన పేరు వింటే ఆగదు. అయితే చార్టుకెక్కినవేవీ పాడు ఆకులు కావు, మరి ఏం తిందో ఎవరికి తెలుసు?

లాజరు ఆటో గట్టెక్కింది. మాణిక్యాంబ మనవరాలిని ఒళ్లో వేసుకుని, పొట్ట మీద అరచెయ్యి ఆనించి, పిలవడం మొదలుపెట్టింది. ఉమ్మెత్తా, జిల్లేడూ, కుప్పింటా, ఉత్తరేణీ. ఆవిడ గొంతు ఆటో చప్పుడు మీదుగా బయటికి పోతుంటే, గట్టుకి అటూ ఇటూ ఉన్న మొక్కలన్నీ వరసగా తలలెత్తసాగాయి. కసివిందా అంటే కసివింద దుబ్బులు. తుమ్మీ అంటే కంచెల వెంట తెల్లటి తుమ్మిపూలు. నేల ఉసిరీ అంటే పచ్చిక అంచున సన్నటి కదలిక. గట్టంతా పలుకుతోంది. అరచేతి కింద పిల్ల పొట్ట మాత్రం పలకడం లేదు.

నాగదుర్గ కూతురి పాదాలు రుద్దుతూ కూర్చుంది. తాళ్లపూడి దాటేసరికి అత్తగారి గొంతు బొంగురుపోయింది. చెప్పిన పేర్లే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. ఏ మొక్క పేరైనా నాలుక మీదే ఉంటుందని ఊరంతా చెప్పుకునే మనిషి, ఒక్కసారిగా ఆగిపోయి, కోడలి మొహంలోకి చూసింది.

"అయిపోయాయే," అంది. "నాకు తెలిసినవన్నీ అయిపోయాయి."

అప్పుడే హారతి ఏదో గొణిగింది. నాగదుర్గ చెవి దగ్గర పెట్టింది.

"నాగలి," అంది పిల్ల. "చిన్న నాగలిలా ఉందమ్మా."

నాగదుర్గకి గుర్తొచ్చింది. తొలకరికి ముందు తమ ఊరి పిల్లలు జీడితోటల్లో తవ్వి తీసే దుంప అది. వంకర తిరిగి అచ్చం నాగలిలా ఉంటుంది. తనూ తమ్ముళ్లూ దాంతో ఇసుకలో చాళ్లు దున్నేవారు. ఆడుకుంటే ఏమీ అనని అమ్మ, నోటిదగ్గరికి తీసుకెళ్తే మాత్రం చెయ్యి విరగ్గొడతానని బెదిరించేది.

"అది అడవినాభి దుంపండి అత్తయ్యగారూ. మావైపుది."

మాణిక్యాంబ అడవినాభీ అని పిలిచింది. తల్లీ, రావే అని బతిమాలింది. పొట్ట కదల్లేదు. మీవైపు ఏమంటారని అడిగింది. పొత్తిదుంప అని నాగదుర్గ చెప్తే, ఆ పేరుతోనూ పిలిచి చూసింది. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. లాజరు అద్దంలో చూసి ఇంకా వేగం పెంచాడు.

"నువ్వు పిలువు," అంది మాణిక్యాంబ.

"నేను పిలిస్తే ఇక్కడ ఏదీ పలకదండి."

"ఇది ఇక్కడిది కాదు, మీ ఊరిది. మీ అమ్మ పిలిచినట్టు పిలువు."

నాగదుర్గ పిలిచింది. చెవికి తన మాట తనకే పరాయిగా వినిపించింది. అది గట్టు ఊళ్ల మాట, ఎవరూ నవ్వకుండా ఉండడానికి ఏళ్ల తరబడి నున్నగా చేసుకున్న మాట. పొట్ట కదల్లేదు. మళ్లీ పిలిచింది. అదే మాట. పాతది ఎక్కడుందో దొరకడం లేదు. గొంతు లోపల తడుముకుంటే ఖాళీగా ఉంది. హారతి వేళ్లు తన వేళ్లలోంచి జారిపోతున్నాయి.

ఆవిడ కళ్లు మూసుకుంది. మాపటేళ జీడితోట చివర నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంటికి రాని పిల్లల్ని పిలిచే అమ్మని తలుచుకుంది. ఆ కేక ముందు పొట్టలో పుట్టేది, తర్వాత గొంతుకొచ్చేది, చివర్న గాలిలో సాగి సాగి పోయేది. కోపమూ ఉండేది అందులో, అన్నం చల్లారిపోతోందన్న తొందరా ఉండేది.

"పొత్తిదుంపోఓఓయ్," అని కేకేసింది నాగదుర్గ. "ఎంతసేపే, ఇటు రావే!"

లాజరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. మాణిక్యాంబ అరచేతి కింద ఏదో మెదిలింది. హారతి ఓకరించింది, విల్లులా వంగింది. ఇద్దరాడవాళ్లూ పిల్లని ఆటోలోంచి సగం బయటికి వంచి పట్టుకున్నారు. నాగదుర్గ పిలుస్తూనే ఉంది. నమిలిన తెల్లటి ముక్కలు గట్టు వార మట్టిలో పడ్డాయి. చివరగా పడిన ముక్కకి పాలిపోయిన మొలక ఒకటి ఉంది. అది మెల్లగా నాగదుర్గ వైపు తిరిగి ఆగింది. మాణిక్యాంబ కొంగుతో పిల్ల మూతి తుడిచి, ఆ కొంగుతోనే కోడలి మొహం కూడా తుడిచింది. ఆటో కదిలింది.

రాజమండ్రి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఏం తిందని అడిగింది, పిలిచారా అని అడిగింది. పిలిచామండీ, వచ్చేసిందన్నారు. ఆవిడ స్టెతస్కోపు పిల్ల పొట్ట మీద ఆనించి, ఏమైనా మిగిలిందేమో ఇంకోసారి పిలవమంది. మంచాల మధ్య నిలబడి నాగదుర్గ మళ్లీ అదే కేక వేసింది. రోగులందరూ తల తిప్పి చూశారు. డాక్టరమ్మ చాలాసేపు విని, తల ఊపి, సెలైన్ పెట్టించింది. రక్తంలోకి వెళ్లింది కొంచెం బాధ పెడుతుందనీ, జుట్టు ఊడొచ్చనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. ఆ మాట విన్నాకే మాణిక్యాంబ బెంచీ మీద కూర్చుంది.

హారతి జుట్టు నిజంగానే ఊడింది, మళ్లీ వచ్చింది. వానలు ముదిరేసరికి, తాళ్లపూడి అవతల గట్టు వార ఆ మొలక తీగై కంచెకెక్కి, మంటలాంటి పూలు పూసింది. అది మంచిది కాదని తెలిసి కూడా పీకేద్దామని ఎవరూ అనలేదు. చుట్టుపక్కల ఊళ్ల తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి దాన్ని చూపించేవారు. ఎప్పుడేం అవసరం పడుతుందోనని, పిలవడం నేర్చుకోవడానికి నాగదుర్గ దగ్గరికొచ్చేవారు.

వాళ్లని తీగ ముందు నిలబెట్టి నాగదుర్గ ఒక్కొక్కరి చేతా పిలిపించేది. వాళ్లు పిలిస్తే పూలు కదిలేవి కావు.

"సరిగ్గానే అన్నాం కదండీ?" అని అడిగేవారు సిగ్గుపడుతూ.

"అన్నారు గానీ, అలా మర్యాదగా పిలిస్తే అది రాదండి," అనేది నాగదుర్గ. "గట్టిగా తిట్టండి."