అమ్మవారి ముందు మూడో డిస్కు

రేపు కోర్టులో వినిపించాల్సిన బెదిరింపులన్నీ సర్వర్‌లోంచి మాయమయ్యాయి.

కౌముది ఫోల్డర్ మూసి మళ్లీ తెరిచింది. ఖాళీ. విడిపోయిన భర్త క్రాంతి పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే దాచింది. ఫోన్లోవి పంపిన కాసేపటికే అతను చెరిపేసేవాడు. "పిల్లని నాకివ్వకపోతే నీకూ దక్కనివ్వను" అన్న గొంతు నిన్నటిదాకా అందులోనే ఉంది. అది లేకపోతే జడ్జి ముందు మిగిలేది ఆమె కన్నీళ్లూ, అతని నవ్వుమొహమూ. ఆరేళ్ల కూతురు తన్మయిని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు.

ఆమె ఆన్‌లైన్ పాస్‌వర్డులన్నీ కాపురం చేసే రోజుల్లోనే అతనికి చిక్కాయి. అందుకే లాల్‌దర్వాజాలోని పుట్టింటికి వచ్చాక తమ్ముడు సంకేత్‌తో కలిసి సొంతంగా సర్వర్ తయారు చేసుకుంది. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్, రెండు కొత్త హార్డ్‌డిస్కులు, ఉచితంగా దొరికే లైనక్స్ సాఫ్ట్‌వేర్. తెర లేదు, కీబోర్డు లేదు. మెట్ల కింద గూట్లో గుర్రుమంటూ కూర్చుంటుంది. ఒక డిస్కు చెడిపోతే రెండోదాంట్లో అంతా భద్రం. ఇంటి వైఫై దాటి ఎవరికీ కనబడదు.

"సంకేత్!"

సంకేత్ అప్పుడే పని నుంచి వచ్చాడు. చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీ. "ఏందక్కా, గట్ల అరుస్తున్నవ్?"

"ఫైల్స్ పోయినయ్ రా."

"ఫికర్ ఎందుకు? రెండో డిస్కు ఉంది గద."

"రెండిట్ల పోయినయ్. ఇందులో చెరిపితే అందులో గూడ చెరిగిపోతది. డిస్కు చస్తే ఏం చెయ్యాల్నో చూసుకున్నం, దొంగ వస్తే ఏం చెయ్యాల్నో చూసుకోలే."

ఎవరు ఏది చెరిపినా సర్వర్ రాసిపెట్టుకునేలా ఆమే ఏర్పాటు చేసింది. ఆ చిట్టా తెరిచి చూసింది. చెరిపింది మధ్యాహ్నం, ఆమె వకీలు దగ్గర ఉన్నప్పుడు. ఇంట్లోంచే. సంకేత్ లాప్‌టాప్ నుంచి.

"నీ లాప్‌టాపే రా."

"అమ్మతోడు, నేను గాదు! పొద్దుగాల పోయినోణ్ని ఇప్పుడే వస్తున్న. అది హాల్లనే పడి ఉండె."

"తాళం వెయ్యలేదా దానికి?"

"ఇంట్లోళ్లకు తాళమేందని నువ్వే గద అన్నది?"

సందులో బండి ఆగిన చప్పుడు. కౌముది తల తిప్పి కిటికీ వైపు చూసింది. బండి మళ్లీ కదిలి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పూట ఈ ఇంటి తలుపు గొళ్లెం పెట్టరు. అంటే క్రాంతి లోపలికొచ్చాడు. ఈ హాల్లోనే కూర్చున్నాడు.

"తన్మయి ఏది?"

వంటింట్లోకి పరుగెత్తింది. తన్మయి అమ్మమ్మ పక్కన పీట మీద కూర్చుని పిండితో పాము చేస్తోంది. కౌముది గోడకు ఆనుకుని నిలబడింది.

"అక్కా, మూడోది ఉన్నది!" సంకేత్ వెనక నుంచి అరిచాడు. "దసరా నాడు పెట్టినం గద!"

ఆయుధపూజకు కత్తిపీటా, కత్తెరా, స్కూటరూ కుంకుమ పెట్టించుకున్నప్పుడు, కౌముది ఆ గొంతులన్నీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి దాన్నీ అమ్మవారి పటం ముందు పెట్టింది. "కేసు అయ్యేదాక తల్లి పాదాల కాడనే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు ఆమె తండ్రి విఠల్‌రావు. గుడి సేవలోనే తల నెరిసిన మనిషి.

పూజగదిలో దీపం వెలుగుతోంది. డిస్కు లేదు.

"ఇది గూడ ఎత్కపోయిండు! పోలీసులకు ఫోన్ కొడ్త."

"ఆగు."

కౌముది వంగి చూసింది. డిస్కు ఉన్నచోట నాలుగు అక్షింతలు, ఒక మందారం. రాలిన కుంకుమలో సన్నటి గీత. డిస్కును ముందు కొంచెం ఉత్తరానికి జరిపారు, ఆ తర్వాతే తీశారు.

ఉద్వాసన. పూజలో కూర్చోబెట్టినదాన్ని ఊరికే ఎత్తకూడదు. అక్షింతలు వేసి, సెలవడిగి, కాస్త జరిపి అప్పుడు తియ్యాలి. ప్రతి ఏడూ వినాయకుణ్ని తీసేటప్పుడు ఈ ఇంట్లో చూసేదే. క్రాంతి అమ్మవారిని సెలవడిగే రకం కాదు. సంకేత్‌కు ఉత్తరం ఎటో ఫోన్ చెప్పాలి.

ఆమెకు క్రాంతి ఇంట్లో దూరాడనుకున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

వెనక్కి తిరిగింది. గుమ్మంలో విఠల్‌రావు. కండువాను రెండు చేతులా గుండెకు అదుముకుని ఉన్నాడు.

"బాపూ?"

"నేనే తీసిన బిడ్డా. తమ్ముణ్ని ఏమనకు. గుడి ఫోటోలు ఎట్ల ఎక్కియ్యాలె, ఎట్ల తీసెయ్యాలె అని వాడు నేర్పిండు గద, గట్లనే వాని లాప్‌టాప్ల ఆ గొంతులన్నీ తీసేసిన. నిన్న చాంద్రాయణగుట్ట కాడ బస్సు కోసం నిలబడ్డ. క్రాంతి వచ్చిండు. కాళ్లకు మొక్కిండు. మొక్కి, ఫోన్ల ఫోటో చూపెట్టిండు. మన తన్మయి, బడి గేటు కాడ, ఒక్కతే. 'ఆ గొంతులు కోర్టుకెళ్తే పిల్ల ఇంటికి రాదు మామయ్యగారూ' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నీకు చెప్పనీకి నోరు రాలే. వాని దగ్గరకు పోయినా పిల్ల పానంతోని ఉంటది గద అనుకున్న. తల్లిని సెలవడిగి డిస్కు తీసిన. డాబా మీదికి తీస్కపోయి సుత్తి ఎత్తిన. పూజ చేసినదాని మీద చెయ్యి దిగలే. దించుడు, మళ్ల ఎత్తుడు... మస్తుసేపు గట్లనే కూసున్న. ఇగో, ఈ కండువ కింద ఉన్నది. నువ్వే గుంజుకో బిడ్డా. నా చేతులతోని ఇయ్యాల్నంటే ఆ ఫోటోనే కండ్లల్ల తిరుగుతున్నది."